గొట్టం తీసేస్తే పొగ పోతుందా?

1. పసుపు దీపం

ఒక ఊళ్లో ఒక డ్రైవరు ఉన్నాడు. చాలా ఏళ్లు జీపు నడిపాడు. అందుకని ఊరంతా అతన్ని జీపన్న అంటారు. ఇప్పుడు జీపు లేదు. అప్పు చేసి ఒక సెకండ్ హ్యాండు డీజిల్ కారు కొన్నాడు. 2020లో రిజిస్టరైన కారు. టాక్సీ పర్మిట్టు ఉంది.

ఊరి నుంచి మండలానికి 7 కిలోమీటర్లు. పొద్దున బడిపిల్లలను దింపుతాడు. తరవాత సంతకు, ఆస్పత్రికి, బ్యాంకుకు వెళ్లేవాళ్లను ఎక్కించుకుంటాడు. 7 కిలోమీటర్లు పోవడం, ఆపడం. మళ్లీ 7 కిలోమీటర్లు రావడం, ఆపడం. దారంతా గతుకులు. బండి 40 వేగం దాటదు.

ఒకరోజు స్టీరింగు ముందు ఒక పసుపు దీపం వెలిగింది. ఆ దీపంలో ఒక బొమ్మ ఉంది. డబ్బా బొమ్మ. డబ్బా లోపల చుక్కలు. కారు నడుస్తూనే ఉంది గదా అని జీపన్న పట్టించుకోలేదు. పది రోజులు గడిచాయి. దీపం ఆరలేదు. కారు లాగుడు తగ్గింది. కాలవ గట్టు ఎక్కేటప్పుడు బండి మూలగసాగింది.

జీపన్న కారును మండలంలోని మేస్త్రీ షెడ్డుకు తీసుకుపోయాడు. మేస్త్రీ పాత స్నేహితుడు. చేతిలో పట్టేంత కంప్యూటరు ఒకటి తెచ్చి కారుకు తగిలించాడు. దాన్ని స్కానరు అంటారు.

"జీపన్నా! నీ కారు గొంతు పూడుకుపోయింది" అన్నాడు మేస్త్రీ.

"కారుకు గొంతేంటి మేస్త్రీ?"

"సైలెన్సరు దారిలో ఒక వడపోత ఉంటుంది. డీపీఎఫ్ అంటారు. ఇంజను మసి అంతా దాంట్లో పడుతుంది. అది నిండిపోయింది."

"మరేం చెయ్యాలి?"

"కొత్తది వెయ్యాలంటే వేలకు వేలు. నువ్వు తట్టుకోలేవు. నా మాట విను. డబ్బా కోసి లోపలి వడపోత తీసేస్తా. పైన వెల్డింగు పెడతా. బయటికి చూస్తే డబ్బా డబ్బాలాగే ఉంటుంది. కారు కంప్యూటరులో కూడా మార్పు చేయిస్తా. ఇక దీపం వెలగదు. లాగుడు పెరుగుతుంది. మైలేజీ కూడా కాస్త పెరుగుతుంది. పదివేలు ఇవ్వు, చాలు."

"తప్పు కాదూ?"

"ఎవరు చూస్తారయ్యా! హైదరాబాదులో అయితే పట్టుకుంటారేమో. ఈ దారిలో పొగ పరీక్ష చేసేవాడు నీకు ఎప్పుడైనా కనపడ్డాడా?"

జీపన్న ఆలోచించాడు. నిజమే, ఎవరూ కనపడలేదు. నెల తిరిగితే కారు వాయిదా కట్టాలి. పదివేలతో పోయేదానికి వేలకు వేలు ఎందుకు?

"రేపు పొద్దున చెప్తా మేస్త్రీ" అని ఇంటికి వచ్చాడు.

2. పొగలేని పొయ్యి కథ

ఆ రాత్రి అన్నాల దగ్గర జీపన్న ఈ సంగతి చెప్పాడు. భార్య ఉంది. తల్లి ఉంది. సెలవులకు వచ్చిన మేనకోడలు కూడా ఉంది. ఆ అమ్మాయి పాలిటెక్నిక్ లో ఆటోమొబైల్ చదువుతోంది.

"పదివేలేగా, తీయించెయ్యి. వాయిదా డబ్బుకు ఇబ్బంది ఉండదు" అంది భార్య.

తల్లి అన్నం కలుపుతూ ఆగింది.

"ఒరే అబ్బాయ్! మన వంటింట్లో పొగలేని పొయ్యి ఉండేది, గుర్తుందా?" అని అడిగింది.

"గుర్తుందమ్మా. గొట్టం ఇంటి కప్పు మీదికి ఉండేది."

"ఆఁ. అదే. సర్కారోళ్లు వేయించారు. పొగంతా గొట్టంలోంచి పైకి పోయేది. కొన్నాళ్లు హాయిగా వండుకున్నా. తరవాత గొట్టానికి మసి పట్టింది. పొయ్యి సరిగా మండలేదు. నెలకోసారి మసి దులపండి అని వాళ్లు ముందే చెప్పారు. మేం దులపలేదు. మీ నాయన విసుక్కుని గొట్టం పీకేశాడు."

"అప్పుడు పొయ్యి బాగా మండిందా?"

"భేషుగ్గా మండింది. పొగ మాత్రం నా కళ్లల్లోకి వచ్చింది. పొయ్యికి మేలు, నాకు కీడు. ఈ దగ్గు అప్పట్నుంచీ ఉంది. గొట్టం ఎందుకు తీశారని అడగడానికి ఎవరైనా వచ్చారా? రాలేదు. అడిగేవాళ్లు రాలేదని పొగ ఆగిందా?"

అందరూ కాసేపు మాట్లాడలేదు.

"అమ్మమ్మ చెప్పిందే నేనూ చెప్పబోతున్నా మావయ్యా" అంది మేనకోడలు. "నీ కారు వడపోత చెడిపోలేదేమో. మసి పట్టి ఉంటుంది. దులపాల్సిన దాన్ని తీసేస్తానంటున్నారు."

3. వడపోత లోపల ఏముంది?

మేనకోడలు కాగితం మీద బొమ్మ గీసి చూపింది. ఆ అమ్మాయి చెప్పిన సంగతులు ఇవి.

డీజిల్ మండితే మసి వస్తుంది. లాంతరు చిమ్నీకి పట్టే మసిలాంటిదే. ఆ మసి బయటికి పోకుండా పట్టేందుకే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉంది. పొట్టిగా డీపీఎఫ్ అంటారు. ఇనప డబ్బాలో తేనెపట్టులాంటి దిమ్మె ఒకటి ఉంటుంది. అది పింగాణీలాంటి పదార్థంతో చేసింది. దాని నిండా సన్నటి దారులు. ఒక దారికి ముందు మూత ఉంటుంది. పక్క దారికి వెనక మూత ఉంటుంది. పొగ ఒక దారిలో దూరుతుంది. ఎదర మూత తగులుతుంది. అప్పుడు పక్క గోడలోంచి కారి రెండో దారిలోకి పోతుంది. గాలి కారుతుంది. మసి గోడకు అంటుకుంటుంది. కుండలో ఇసక పోసి నీళ్లు వడగట్టినట్టే. నూటికి 90 పాళ్లకు పైగా మసి అక్కడే ఆగిపోతుంది.

"మరి రోజూ మసి పడితే నిండిపోదూ?" అని జీపన్న అడిగాడు.

"నిండుతుంది. అందుకే దాన్ని కాల్చే ఏర్పాటు కూడా కారులోనే ఉంది."

మసి ఒక మట్టానికి చేరగానే కారు కంప్యూటరు కొంచెం ఎక్కువ డీజిల్ వదులుతుంది. వడపోత వేడెక్కుతుంది. సుమారు 600 డిగ్రీల వేడి వస్తుంది. మసి కాలిపోతుంది. కొద్దిగా బూడిద మిగులుతుంది. వడపోత మళ్లీ ఖాళీ అవుతుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. మనం కాల్చి శుభ్రం చేసుకోవడం అందాం.

ఈ పనికి కొంత సమయం కావాలి. బండి ఆగకుండా, కాస్త వేగంగా పోతూ ఉండాలి.

"నువ్వు 7 కిలోమీటర్లు పోయి బండి ఆపేస్తావు మావయ్యా. మసి కాలడం మొదలయ్యేలోపే తాళం తిప్పేస్తావు. అన్నం ఉడక్కుండానే పొయ్యి ఆర్పేసినట్టు. రోజూ ఇంతే. మసి పేరుకుపోతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. మసి కాల్చడానికి వదిలిన డీజిల్ కొంత ఇంజనాయిల్లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడుతుంది. నువ్వు ఆయిల్ పొయ్యకుండానే మట్టం పెరుగుతుంది."

జీపన్న ఉలిక్కిపడ్డాడు. "అవునే! మొన్న ఆయిల్ కడ్డీ తీసి చూస్తే మట్టం పైకి ఉంది. బాగానే ఉందిలే అనుకున్నా!"

చూశారా! మట్టం పెరగడం కూడా ఒక కబురే. చదవడం తెలిస్తే ఆయిల్ కడ్డీ కూడా మాట్లాడుతుంది.

4. కంటికి కనపడని మసి

మసిలో పెద్ద రేణువులు ఉంటాయి. చిన్న రేణువులు ఉంటాయి. పెద్దవి ముక్కులో, గొంతులో ఆగుతాయి. దగ్గితే బయటికి వస్తాయి. చిన్నవి ఆగవు. ఊపిరితిత్తుల చివరి దాకా పోతాయి. డీజిల్ మసి చాలా సన్నం. మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కంటే సన్నం. అది గాలిలో ఉన్నా మనకు కనపడదు.

ఈ మసి ఆయాసం ఉన్నవాళ్లకు ఆయాసం పెంచుతుంది. గుండెకు హాని చేస్తుంది. 2012 జూన్ లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఒక నిర్ణయం ప్రకటించింది. డీజిల్ ఇంజను పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తేల్చి చెప్పింది.

"బడి దగ్గర కారు ఆపితే పిల్లలు ఎక్కడ నిలబడతారు మావయ్యా?" అని మేనకోడలు అడిగింది.

"వెనకాలే. డిక్కీలోంచి సంచులు తీసుకోవాలి గదా!"

"ఇంజను ఆపుతావా?"

"రెండు నిమిషాలకు ఎందుకు ఆపడం?"

పిల్లలు పొట్టివాళ్లు. పెద్దల కంటే వాళ్ల ముక్కు పొగ గొట్టానికి దగ్గరగా ఉంటుంది. వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. ఈ మాట విన్నాక జీపన్న భార్య పదివేల సంగతి మళ్లీ ఎత్తలేదు. వాళ్ల చిన్న కొడుకు కూడా ఆ కారులోనే బడికి పోతాడు.

5. పల్లెకు ఒక గాలి, పట్నానికి ఒక గాలి

బండ్ల పొగకు మన దేశంలో హద్దులు ఒక్కరోజులో రాలేదు. మెట్టు మెట్టుగా వచ్చాయి.

ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవాళ్లు. సీసం విషం. పిల్లల మెదడుకు హాని చేస్తుంది. 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో సీసం లేని పెట్రోలు అమ్మడం మొదలైంది. 2000 ఫిబ్రవరికి దేశమంతటా సీసం పెట్రోలు ఆగిపోయింది.

తరవాత భారత్ స్టేజ్ హద్దులు వచ్చాయి. పొట్టిగా బీఎస్ అంటారు. అంకె పెరిగిన కొద్దీ పొగ తగ్గాలి.

2010 ఏప్రిల్ లో బీఎస్-4 హద్దు ఢిల్లీ ప్రాంతానికి, హైదరాబాదుతో సహా 13 పెద్ద నగరాలకు వచ్చింది. మిగిలిన దేశానికి బీఎస్-3 చాలన్నారు. అంటే పట్నానికి మంచి డీజిల్, పల్లెకు ముతక డీజిల్. పట్నానికి ఒక గాలి, పల్లెకు ఒక గాలి. ఈ తేడా పోవడానికి ఏడేళ్లు పట్టింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4 అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 వచ్చింది. బీఎస్-5 మెట్టు ఎక్కకుండానే దాటేశారు.

డీజిల్ లో గంధకం ఉంటుంది. బీఎస్-4 డీజిల్ లో పది లక్షల పాళ్లకు 50 పాళ్ల గంధకం ఉండవచ్చు. బీఎస్-6 డీజిల్ లో 10 పాళ్లే ఉండాలి. ఇప్పుడు హైదరాబాదు బంకులో పోసేదీ ఆ డీజిలే. మండలం బంకులో పోసేదీ ఆ డీజిలే.

మసి హద్దు కూడా తగ్గింది. బీఎస్-4 డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి వదలవచ్చు. బీఎస్-6 కారు 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దులో ఉంచేది ఈ వడపోతే.

"అంటే ఇన్నాళ్లకు మనకూ పట్నంవాళ్ల గాలి ఇచ్చారన్నమాట" అంది జీపన్న తల్లి. "దాన్ని మనమే కోసి పారేస్తామా?"

6. పరీక్ష ఎవరిది? ఊపిరి ఎవరిది?

"మన దగ్గర పరీక్ష లేదు గదా?" అని జీపన్న మళ్లీ అడిగాడు.

పరీక్ష లేదన్న మాట సరి కాదు. చేసేవాళ్లు కనపడకపోవడం వేరు. పరీక్ష లేకపోవడం వేరు. మన దేశంలో పొగ వచ్చే ప్రతి మోటారు బండికీ రిజిస్టరైన ఏడాది తరవాత నుంచి పొగ సర్టిఫికెట్ ఉండాలి. పట్నంలో అయినా, పల్లెలో అయినా ఇదే నియమం. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఆ సర్టిఫికెట్ ఏడాది పాటు చెల్లుతుంది.

డీజిల్ బండికి పరీక్ష ఎలా చేస్తారు? బండిని నిలబెట్టి, గేరు తీసి, యాక్సిలరేటర్ తొక్కుతారు. పొగ గొట్టంలో పెట్టిన పరికరం పొగ ఎంత నల్లగా ఉందో చూస్తుంది. అంతే. లోపల వడపోత ఉందా లేదా అని అది చూడదు. కంటికి కనపడని వాయువులన్నిటినీ కొలవదు. అందువల్ల వడపోత తీసేసిన బండి కూడా ఒక్కోసారి పాస్ కావచ్చు. పాసైనంత మాత్రాన పొగ మంచిదైపోదు.

పరీక్షను మోసం చేసిన పెద్ద కథ ఒకటి ఉంది. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ దాన్ని బయటపెట్టింది. వోక్స్‌వ్యాగన్ అనే జర్మనీ కంపెనీ తన డీజిల్ కార్ల కంప్యూటర్లలో ఒక కిటుకు పెట్టింది. పరీక్ష జరుగుతోందని కారు కనిపెట్టేది. అప్పుడు పొగ తక్కువగా వదిలేది. రోడ్డెక్కగానే మామూలే. కొన్ని కార్లు నత్రజని వాయువులను హద్దుకు 40 రెట్ల దాకా వదిలాయి. ప్రపంచమంతటా సుమారు ఒక కోటీ 10 లక్షల కార్లలో ఆ కిటుకు ఉందని కంపెనీయే ఒప్పుకుంది. వేల కోట్ల నష్టం కట్టుకుంది.

అమెరికాదే ఇంకో సంగతి. మన తెలుగువాళ్లు చాలామంది ఉంటున్న టెక్సాస్ రాష్ట్రంలో హ్యూస్టన్, డల్లాస్ నగరాల చుట్టుపక్కల పెట్రోలు కార్లకు పొగ పరీక్ష ఉంది. దూరంగా ఉన్న చాలా పల్లె కౌంటీల్లో లేదు. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. పరీక్ష లేనిచోట వడపోత తీసేయవచ్చని అక్కడ కూడా చాలామంది అనుకున్నారు. కానీ ఆ దేశపు గాలి చట్టం ప్రకారం పరీక్ష లేనిచోట కూడా అది తప్పే. 2020లో ఆ దేశ పర్యావరణ సంస్థ ఒక లెక్క వేసింది. పదేళ్లలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్ బండ్లలో ఇలా వడపోతలు, పొగ తగ్గించే పరికరాలు పీకేశారని తేలింది. వాటి నుంచి వచ్చే అదనపు పొగ, సరిగా ఉన్న 90 లక్షల కొత్త బండ్లు రోడ్డెక్కితే వచ్చేంత ఉందట!

ఎవరికి వారు "నా ఒక్క బండే గదా" అనుకున్నారు. ఒక్కొక్క బండి కలిసి 90 లక్షల బండ్ల పొగ అయింది.

7. చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ తయారుచేసిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019లో ఈ చట్టాన్ని సవరించారు. మార్పు చేయించిన బండి యజమానికి ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడవచ్చు. లేదా రెండూ పడవచ్చు.

పొగ హద్దు దాటిన బండిని నడిపితే వేరే శిక్ష ఉంది. మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు కూడా మూడు నెలలు ఆగిపోవచ్చు.

మార్పు చేసింది మేస్త్రీ. బండి కాగితాల్లో ఉన్న పేరు జీపన్నది. ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సింది జీపన్నే.

ఇంకో నష్టం కూడా ఉంది. బండి మళ్లీ అమ్మాలంటే? కొనేవాడు స్కానరు తెస్తే గుట్టు బయటపడుతుంది. రేటు పడిపోతుంది.

8. జీపన్న ఏం చేశాడు?

పొద్దున్నే మేనకోడలు కారు అర తెరిచింది. అందులో కారుతో పాటు వచ్చిన పుస్తకం ఉంది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. డబ్బాలో చుక్కల బొమ్మ ఎక్కడుందో జీపన్నే పేజీలు తిప్పి వెతికిపెట్టాడు. మేనకోడలు చదివి తెలుగులో చెప్పింది.

దీపం కొత్తగా వెలిగినప్పుడు మంచి రోడ్డు మీద ఆగకుండా కొంతసేపు నడపాలి. చాలా కార్లకు గంటకు 60 కిలోమీటర్ల పైన, 15 నుంచి 20 నిమిషాలు సరిపోతుంది. ఏ కారుకు ఎంతో ఆ కారు పుస్తకంలోనే చూడాలి. దీపం చాలా రోజులు వెలిగి లాగుడు తగ్గిపోతే మాత్రం ఆ పని మనం చెయ్యకూడదు. కంపెనీ వర్కుషాపుకే తీసుకుపోవాలి.

"పది రోజుల ముందు ఈ పేజీ చదివి ఉంటే హైవే మీద ఒక్క తిప్పుతో పోయేది" అన్నాడు జీపన్న.

జిల్లా కేంద్రంలోని వర్కుషాపులో కారు నిలబెట్టే కంప్యూటరు ద్వారా మసి కాల్పించారు. పల్చబడిన ఇంజనాయిల్ మార్చారు. డీపీఎఫ్ ఉన్న కార్లకు బూడిద తక్కువ వచ్చే ప్రత్యేకమైన ఆయిలే పొయ్యాలని చెప్పారు. బిల్లు ఆరువేలు దాటింది. ఒకరోజు బాడుగ పోయింది. జీపన్నకు కష్టంగానే అనిపించింది. కానీ దీపం ఆరింది. కాలవ గట్టు మీద కారు మళ్లీ లాగింది.

తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రీ షెడ్డు దగ్గర ఆగాడు. జరిగింది చెప్పాడు. మేస్త్రీ కోపం తెచ్చుకోలేదు.

"నీ మాట కాదనను జీపన్నా. కానీ నా మాట కూడా విను. ఊళ్లో చిన్న తిప్పులు తిప్పేవాడికి ఈ డీజిల్ కారు సరైంది కాదు. అది హైవే బండి. మళ్లీ మూడు నెలలకు వడపోత నిండుతుంది."

ఆ మాట నిజమే. మేస్త్రీ చెప్పిన రోగం సరైందే. మందే సరైంది కాదు.

అందుకని జీపన్న ఒక పని చేశాడు. వారానికి ఒకసారి జిల్లా ఆస్పత్రికి పోయేవాళ్లను కూడగట్టాడు. బుధవారం తెల్లవారుజామున బయల్దేరతాడు. హైవే మీద గంట ప్రయాణం. బాడుగకు బాడుగ వస్తుంది. మసి కూడా కాలుతుంది. అప్పు తీరాక ఈ కారు అమ్మి చిన్న తిప్పులకు పనికొచ్చే పెట్రోలు బండో, సీఎన్జీ బండో తీసుకోవాలని అనుకున్నాడు. ఎయిర్ ఫిల్టర్ మార్చడం, ఇంజెక్టర్లు కారుతున్నాయేమో చూడడం లాంటి పనులు మేస్త్రీకే ఇచ్చాడు. వాటివల్ల కూడా మసి తగ్గుతుంది.

తరవాత ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాశాడు. స్టీరింగు పక్కన అంటించాడు.

"చుక్కల డబ్బా వెలిగితే వెంటనే హైవే. బడి దగ్గర ఇంజను ఆపు."

బుధవారం అతని తల్లి కూడా దగ్గు చూపించుకోవడానికి కారెక్కింది. ఆమె 1990లలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. కళ్లద్దాలు సర్దుకుని అట్టమీద రాసింది కూడబలుక్కుని చదివింది.

"పొయ్యి దగ్గర కూడా ఇట్లా ఒక అట్ట రాసిపెట్టుకోవాల్సింది" అంది.

గుర్తుపెట్టుకోండి

• పసుపు దీపాన్ని రోజుల తరబడి వదిలెయ్యకండి. బొమ్మ ఏమిటో కారు పుస్తకంలో చూడండి. చదవలేకపోతే చదివించుకోండి.

• మసి కాలుతున్నప్పుడు పొగ గొట్టం దారి చాలా వేడిగా ఉంటుంది. గడ్డివాము దగ్గర, ఎండుగడ్డి మీద, రోడ్డు మీద ఆరబోసిన పంట మీద బండి ఆపకండి. నిప్పు అంటుకోవచ్చు.

• ఆయిల్ మట్టం దానంతట అది పెరిగితే మంచిదనుకోకండి. మెకానిక్ కు చూపించండి.

• డీజిల్ లో కిరోసిన్ కలిపి పొయ్యకండి. ఇంజనుకూ చేటు, వడపోతకూ చేటు.

• మనుషులు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఇంజను ఆపండి.

• సెకండ్ హ్యాండు డీజిల్ కారు కొనేటప్పుడు వడపోత లోపల ఉందో లేదో స్కానరుతో చూపించుకోండి.

లెక్క చెయ్యండి

జీపన్న కారు రోజుకు 60 కిలోమీటర్లు తిరుగుతుంది. ఏడాదికి 300 రోజులు తిరిగితే మొత్తం ఎన్ని కిలోమీటర్లు?

60 × 300 = 18,000 కిలోమీటర్లు.

బీఎస్-6 హద్దు ప్రకారం కిలోమీటరుకు 4.5 మిల్లీగ్రాముల మసి. ఏడాదికి 81 గ్రాములు. బీఎస్-4 హద్దు ప్రకారం కిలోమీటరుకు 25 మిల్లీగ్రాములు. ఏడాదికి 450 గ్రాములు. తేడా ఎంత? మీ ఊరి దారిలో ఇలాంటి బండ్లు 10 తిరిగితే ఆ తేడా ఎంత అవుతుంది?

కలిసి మాట్లాడుకోండి

1. జీపన్న తల్లి పొగలేని పొయ్యికీ, కారు వడపోతకూ పోలిక ఎక్కడ ఉంది?

2. మేస్త్రీ చెప్పిన మాటల్లో ఏవి నిజం? ఏవి తప్పు?

3. "ఎవరూ చూడరు గదా" అని మనం వదిలేసే పనులు ఇంకా ఏమేం ఉన్నాయి? వాటివల్ల కష్టపడేది ఎవరు?

4. మీ ఊరి బడి దగ్గర బండ్లు ఎక్కడ ఆగుతున్నాయి? పిల్లలు ఎక్కడ నిలబడుతున్నారు? ఒకరోజు పొద్దున వెళ్లి చూసి వచ్చి చెప్పండి.